చెవి మేస్త్రి టిక్కు

"నాన్నా, పంపు వచ్చింది!" అని మా అమ్మాయి ముందు గదిలోంచి అరిచింది. నాకు "కంపు వచ్చింది" అని వినపడింది.

మోటార్ల వైండింగు షాపులో కంపు అంటే ఒకటే అర్థం. ఎక్కడో రాగితీగ మాడుతోంది. ఇంకో నిమిషం ఆగితే పొగ, ఆపైన మంట, ఆ తర్వాత మేమంతా వీధిలో. చేతిలో సుత్తి అక్కడే పడేసి, రెండంగల్లో గోడ దగ్గరికి దూకి మెయిన్ స్విచ్చి పీకేశాను. పరీక్ష కోసం తిప్పుతున్న ఏడు ఫ్యాన్లు, రెండు మోటార్లు, ఒక కూలరు, అన్నీ కలిసి నీరసంగా మూలిగి ఆగిపోయాయి. కిటికీ లేని వెనక గది కావడంతో పట్టపగలే చీకటి పడింది. ముందు గదిలో ఫ్యాన్ల కోసం కాచుకున్న నలుగురూ లేచి నిలబడ్డారు.

"ఏం మాడింది బావా?" అన్నాడు మా బావమరిది, కౌంటరు మీంచి తొంగి చూస్తూ.

"అది నన్నడుగుతావేం? కంపు కంపు అని అరిచింది నీ మేనకోడలు!"

"పంపు నాన్నా, పంపు!" అంటూ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులతో మోస్తున్న మురుగునీళ్ల పంపుని సాక్ష్యంలాగా ఎత్తి చూపించింది.

అలాంటి క్షణంలో మనిషి అనదగ్గ మాటలు రెండున్నాయి. "సరిగ్గా వినపడలేదమ్మా" అనేది మొదటిది. నా నోటికి అది అలవాటు లేదు. రెండోది దానంతట అదే జారింది.

"మురుగు పంపు వచ్చాక కంపు వేరే రావాలా? రెండూ ఒకే బండిలో దిగుతాయి!"

నలుగురూ నవ్వారు. మా బావమరిది కౌంటరు మీద చరిచి మరీ నవ్వాడు. చీకట్లో గోడ తడుముకుంటూ నేనూ నవ్వాను. ఆ వేసవి అలా మొదలైంది.

మా వీధిలో నన్ను చెవి మేస్త్రి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని తిరుగుతున్న మోటారు ఒంటికి ఆనించి, పిడిని నా చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్లు మూసుకునేవాణ్ణి. లోపల బేరింగులో ఏ గోళీ అరిగిందో, ఏది తిరగడానికి బద్ధకిస్తోందో, గ్రీజు ఎన్నాళ్ల కిందటిదో, మూత విప్పకుండా చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకోవాల్సిన పనేమీ లేదు. అది నా సొంత కవిత్వం. చూసేవాళ్లకి బాగుంటుందని మొదలుపెట్టాను, చివరికి నాకే బాగుండటం మొదలైంది. అన్నీ సవ్యంగా ఉంటే సుద్దముక్కతో మోటారు నెత్తిన ఒక టిక్కు. టిక్కు లేని మోటారు మా గడప దాటదు. ఇరవై ఆరేళ్లుగా అదే నియమం. "బేరింగు దగ్గర బేరం లేదు" అని గోడ మీద ఎర్రరంగుతో రాసింది కూడా నేనే.

ఇక నా నోటి సంగతి. మాటకి మాట తగిలించకపోతే నాకు తిన్నది అరగదు. ఫ్యాన్లు తిరగకపోతే ఫ్యాన్సు తిరగబడతారనీ, కాయిలు కాలితే కోయిల కూయదనీ, వంగిన షాఫ్టు కొన్నవాడికి శాపమనీ ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాను. మా బావమరిది ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. అలాంటి బావమరిది దొరకడం అదృష్టమనుకునేవాణ్ణి. ఆ వేసవిలో మాత్రం వాణ్ణి చూస్తే ఒళ్లు మండేది. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నవ్వకుండా ఆగి, "ఏం బావా, వినపడలేదా?" అని వాడు అడిగి ఉంటే నాకు సగం బరువు తగ్గేది. అడిగితే నేను నిజం చెప్పేవాణ్ణా అంటే, అది వేరే సంగతి.

పంపు గొడవ జరిగిన వారానికి ఇంట్లో ఇంకోటి. మా ఆవిడ వంటింట్లోంచి, "పాలు విరిగిపోయాయండీ!" అంది. నాకు కాళ్లు విరిగిపోయాయని వినపడింది. గడ్డానికి రాసుకున్న సబ్బు నురగతోనే పరుగెత్తాను. ఆవిడ రెండు కాళ్ల మీదా శుభ్రంగా నిలబడి గిన్నెలోకి చూస్తోంది.

"ఏమిటలా పరుగెత్తుకొచ్చారు?"

"కాళ్లు విరిగాయంటే చూద్దామని."

"ఎవరి కాళ్లు?"

"పాలవి. కాళ్లు లేకపోతే పొయ్యి మీంచి రోజూ అలా ఎలా పారిపోతున్నాయి?"

ఆవిడ నవ్వలేదు. పెళ్లయిన కొత్తలో నవ్విందేమో, గుర్తు లేదు. "వేళాకోళం ఆపి ఇంకో ప్యాకెట్టు తెండి. ఇంకోమాట, పక్కనే ఉన్నాను, ఎందుకలా అరుస్తారు? ఎదురింటాయన కిటికీ మూసేసుకుంటున్నాడు."

నేను అరుస్తున్నానా? గుసగుసలాడుతున్నాననుకుంటున్నానే!

చెవికి చవి తగ్గుతోందని నాకు తెలుసు. తెలియకపోవడానికి నేనేమీ చిన్నపిల్లాణ్ణి కాను. ఆడవాళ్ల మాటల్లో చివరలు ముందు పోయాయి. తర్వాత మొదళ్లు పోయాయి. మధ్యలో ఉన్న ముద్దని పట్టుకుని మాట ఏమై ఉంటుందో ఊహించేవాణ్ణి. ఊహ కుదిరితే సరే. కుదరకపోతే తప్పుగా విన్న మాటకే ఒక తోక తగిలించి చమత్కారం చేసేవాణ్ణి. వినలేనివాడి మీద జాలిపడతారు. చమత్కారం చేసేవాడి చుట్టూ చేరతారు. నేను రెండోది ఎంచుకున్నాను. చెవి మేస్త్రిలోంచి చెవి తీసేస్తే మిగిలేది ఉత్త మేస్త్రి. ఉత్త మేస్త్రులు ఊళ్లో వందమంది ఉన్నారు.

అయినా నాకు నేను ఒక ధైర్యం చెప్పుకున్నాను. జారిపోతున్నవి మాటలే, మోటార్లు కావు. మాట గాల్లోంచి వస్తుంది, మోటారు ఎముకలోంచి వస్తుంది. గాలిని నమ్మలేం గాని ఎముక అబద్ధమాడదు. ఈ సిద్ధాంతం ఏ డాక్టరు చెప్పాడని అడగకండి. స్క్రూడ్రైవరు చెప్పింది.

ఎండలు బాగా ముదిరాక లాండ్రీ ఆవిడ తన పెద్ద డ్రమ్ము మోటారుని రిక్షాలో వేయించుకుని వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆవిడే ఉతుకుతుంది. మనిషి గట్టిది, గొంతు సన్నది. కౌంటరు దగ్గర కూలబడి ముఖం తుడుచుకుంటూ, "ఈ ఏడు సబ్బుతో చచ్చిపోతున్నాను మేస్త్రీ," అంది.

నాకు జబ్బు అని వినపడింది. "అయ్యో చెల్లెమ్మా, డాక్టరుకి చూపించావా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "సబ్బుకి డాక్టరేమిటి మేస్త్రీ! మీ దగ్గరికొస్తే మోటారు సంగతి ఎలా ఉన్నా మనసు బాగవుతుంది!" ఇంటికి వెళ్లి అందరికీ చెబుతానంది. చెప్పింది కూడానట.

ఆ మోటారుని మా అమ్మాయి విప్పింది, కడిగింది, వైండింగు కొత్తది చుట్టింది, వార్నిష్ పట్టించింది. రెండేళ్లుగా నా దగ్గరే పని నేర్చుకుంటోంది. చుట్టడంలో నన్ను ఎప్పుడో దాటిపోయింది. దాని చేతిలో రాగితీగ జడ అల్లినట్టు పడుతుంది. మూడో రోజు పొద్దున బల్ల మీద మోటారు తిప్పి, నన్ను పిలిచింది.

"నాన్నా, ఇది కీచుమంటోంది."

"ఎక్కడ?"

"వెనక బేరింగులో. సన్నగా. చెవి దగ్గర దోమ తిరిగినట్టు. బేరింగు కూడా మార్చేద్దాం."

స్క్రూడ్రైవరు ఆనించాను. కళ్లు మూసుకున్నాను. లోపల గుమ్మని నిండుగా, బరువుగా తిరుగుతోంది. దోమా లేదు, ఈగా లేదు.

"చక్కగా గుమ్మంటోంది. బేరింగు బంగారంలా ఉంది."

"గుమ్మనేది నాకూ వినపడుతోంది నాన్నా. దాని పైన ఇంకోటి ఉంది."

"దాని పైన ఉన్నది నీ అనుమానం."

"ఇంకోసారి విను."

"ఇరవై ఆరేళ్లుగా వింటున్నాను, ఇంకోసారేమిటి! ఈ నెలలో ఇది మూడోసారి నువ్వు లేనిది వినడం. మొన్న కూలరు పంపులో విన్నావు, అవతల దర్జీవాడి మోటారులో విన్నావు. చూడు, నీకు చేతులున్నాయి, కళ్లున్నాయి, నాకు లేనంత బుర్ర ఉంది. చెవి మాత్రం లేదు. అది కొందరికి రాదు. నేర్పితే వచ్చేది కాదు."

మోటారు నెత్తిన టిక్కు గీశాను. గట్టిగా గీశానేమో, సుద్దముక్క విరిగింది.

అమ్మాయి స్విచ్చి ఆపింది. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది. "బస్‌స్టేషన్లో టికెట్ల కౌంటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను నాన్నా. వేసవి అయ్యాక చేరమన్నారు. ఇన్నాళ్లూ వస్తుందేమోనని చూశాను. చెవి లేకుండా ఈ పనిలో ఉండి ఏం చేస్తాను?"

నేను ఏమనాలి? కూర్చోమనాలి, ఎందుకని అడగాలి, వద్దనాలి. నా నోరు ఏమందో తెలుసా?

"టిక్కు పెట్టడం రాకపోతే టికెట్టు కొట్టడానికి పోతావన్నమాట!"

మా బావమరిది కౌంటరు మీద చరిచి నవ్వాడు. అమ్మాయి మోటారు మూత బిగించడం మొదలుపెట్టింది. ఆ నాలుగు బోల్టులూ బిగించేంతసేపూ దాని ముఖం నాకు కనపడలేదు. నేను చూడలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

రెండు వారాలు గడిచాయి. ఎండ తగ్గలేదు, పని తగ్గలేదు. షాపులో కాలు పెట్టడానికి చోటు లేకుండా ఫ్యాన్లు. ఆ రోజు మధ్యాహ్నం పరీక్ష బల్ల మీద రెండు మోటార్లు బిగించి ఉన్నాయి. ఎడమది వడ్రంగి రంపానిది, కుడిది ఎవరిదో మేడ మీద నీళ్ల ట్యాంకు మోటారు. బల్ల ఇనపది. ఒకటి తిరిగితే బల్లా, దాని మీదున్న రెండోదీ కలిసి అదురుతాయి.

ముందు ఎడమదానికి స్క్రూడ్రైవరు ఆనించాను. బాగుంది. టిక్కు. అది తిరుగుతుండగానే కుడిదానికి ఆనించాను. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాను. ఆ రోజు ముందు గదిలో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారని కొంచెం ఎక్కువసేపే మూసుకున్నాను. గుమ్మని, బరువుగా, చక్కగా వస్తోంది. తల కూడా పంకించాను.

"ఆహా! పాట పాడుతోంది!" అని సుద్దముక్క తీసుకుని టిక్కు గీశాను.

తలెత్తేసరికి ఎదురుగా అమ్మాయి నిలబడి ఉంది. దాని చేతిలో కుడి మోటారు వైరు ఉంది. వైరు చివర ప్లగ్గు ఉంది. ప్లగ్గుకి ఉన్న మూడు పిన్నులూ గాల్లో ఉన్నాయి.

అది నాకు పెట్టిన పరీక్ష కాదు. ప్లగ్గు వదులుగా ఉందని పిన్నులు గీకడానికి అప్పుడే తీసింది. నేను ఇంత త్వరగా కుడిదాని దగ్గరికి వస్తానని అనుకోలేదు. ఆ సంగతంతా దాని ముఖంలోనే ఉంది, అడగాల్సిన పని లేకపోయింది. తిరగని మోటారు పాట పాడిందని నేను ఒప్పుకుంటూ టిక్కు పెట్టాను.

నేను నోరు తెరిచాను. సగం చమత్కారం కూడా రాలేదు.

"టీ తెప్పించనా నాన్నా?" అంది అమ్మాయి.

పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. తలూపాను. అది వెనక్కి తిరిగి, వెళుతూ వెళుతూ, బొటనవేలితో ఆ మోటారు మీది టిక్కు తుడిచేసింది. మేజా మీది దుమ్ము తుడిచినంత మామూలుగా.

తర్వాత రోజుల్లో అరల మీద సర్దిన మోటార్లని గమనించడం మొదలుపెట్టాను. నా టిక్కు తోక కొంచెం వంకర పోతుంది. ఆ అరల మీద టిక్కులు చాలావాటికి తోకలు తిన్నగా ఉన్నాయి. నేను భోజనానికి వెళ్లినప్పుడు నా టిక్కులు చెరిపి, మళ్లీ విని, పాడైన బేరింగులు మార్చి, అమ్మాయి తన టిక్కు పెడుతోంది. ఒక్క మాట అనలేదు. బస్‌స్టేషన్ కాగితాలు మాత్రం దాని సంచిలో అలాగే ఉన్నాయి. ఎందుకుండవు? తనకి చెవి ఉందని దానికి తెలిసిపోయింది. కాని ఈ షాపులో ఆ మాట పైకి అనాల్సింది నేను.

అంటే ఏం పోతుంది? అలా అని రోజుకి నాలుగుసార్లు నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. వాక్యం ఎంత చిన్నదని! "నాకు వినపడటం లేదు." మూడు మాటలు. అందులో అనుప్రాస లేదు, ప్రాస లేదు, విరుపు లేదు. బహుశా అందుకే నా నోట్లో పట్టేది కాదు. ఒకరోజు పొద్దున మా ఆవిడ బట్టలు మడతపెడుతుంటే గుండె గట్టి చేసుకుని మొదలుపెట్టాను.

"ఇదిగో, నీకో సంగతి చెప్పాలి. నాకు చెవుడు వచ్చింది."

"ఇప్పుడు రావడమేమిటి? పెళ్లయిన నాటి నుంచీ నా మాట ఎప్పుడు విన్నారు గనక?"

"అది కాదు. నిజంగానే."

"నిజంగానే! బిల్లు కట్టమన్నప్పుడు, మా అమ్మని చూసొద్దామన్నప్పుడు, బీరువా జరపమన్నప్పుడు. నాకు తెలీదా మీ చెవుడు?"

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. అరిస్తే ఆవిడ నవ్వింది. ఇన్నేళ్లకి, ఆ రోజు, ఆ మాటకి నవ్వింది! ఒక మనిషి జీవితమంతా వేళాకోళం ఆడితే నిజం చెప్పే హక్కు ఎలా పోతుందో ఆ మడత బట్టల ముందు నిలబడి తెలుసుకున్నాను. తోడుగా ఇంకో సంగతి కూడా తెలిసింది. నవ్వించేవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ ధైర్యంతోనే నేను వేసవంతా నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదే గోడై నిలబడింది.

ఎండలు తగ్గుముఖం పడుతున్నాయనగా, ఒక ఉదయం రిక్షా మా షాపు ముందు ఆగింది. లాండ్రీ ఆవిడ దిగింది. వెనకే ఆవిడ మోటారు, నల్లగా మాడి.

ఆ రోజు మా ఆవిడ కూడా షాపులోనే ఉంది. బావమరిదికి ఒంట్లో బాగోలేక కషాయం పట్టుకొచ్చింది. ముందు గదిలో ఇంకో ముగ్గురు ఫ్యాన్ల వాళ్లు. అందరి ముందూ లాండ్రీ ఆవిడ మోటారుని దించమని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, తిన్నగా మా అమ్మాయి ఎదురుగా వెళ్లి నిలబడింది.

ఆవిడ ఏమందో నాకు పూర్తిగా అందలేదు. ముఖం నా వైపు లేదు. ముక్కలు దొరికాయి. దుప్పట్లు, ఆసుపత్రి, మూడు రోజులు. వెనక బేరింగు పట్టేసిందనీ, దాంతో వైండింగు కాలిపోయిందనీ మోటారు చూస్తేనే తెలుస్తోంది. వెనక బేరింగు. దోమ తిరుగుతోందని అమ్మాయి చెప్పిన బేరింగు.

బావమరిది మధ్యలోకి వచ్చి గట్టిగా అన్నాడు గనక అది మాత్రం బాగా వినపడింది. "అమ్మా, పిల్ల కొత్తది కదా. బిగించేటప్పుడు ఏదో పొరపాటు చేసి ఉంటుంది. బావ చెవి దాటి ఏదీ పోదు, టిక్కు కూడా ఉంది చూడండి."

టిక్కు ఉంది. మసి పట్టిన మోటారు నెత్తిన, వంకర తోకతో, నా టిక్కు.

అమ్మాయి నా వైపు చూడలేదు. లాండ్రీ ఆవిడనే చూస్తూ ఏదో చెప్పింది. పెదవులు చదివాను. "నాదే పొరపాటండీ. బేరింగు మార్చాల్సింది. మార్చలేదు."

"నీకు చేతకాకపోతే మీ నాన్నకి ఇవ్వచ్చుగా!" అంది ఆవిడ. ఈ ముక్క ఎంత గట్టిగా అందంటే నాకూ వినపడింది.

నేను బల్ల దగ్గరి నుంచి కదిలాను. ముందు గదిలోకి వచ్చి వాళ్లిద్దరి మధ్యా నిలబడ్డాను.

"అమ్మాయి పొరపాటు కాదు. బేరింగు పోయిందని అది నాకు చెప్పింది. నేను వినలేదు. నాకు వినపడదు."

అంతలో బావమరిది పక్కున నవ్వాడు. దానికోసమే కాచుకున్నట్టు ఫ్యాన్ల వాళ్లు నవ్వారు. లాండ్రీ ఆవిడ కోపంలో ఉండి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చెవి మేస్త్రికి వినపడదట!"

"నవ్వకండి!" అని అరిచాను. నా గొంతు గోడకి కొట్టుకుంది. వాళ్లు ఇంకా నవ్వారు.

"బావా, ఆపు బావా, దగ్గొస్తోంది," అన్నాడు బావమరిది.

అప్పుడు నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. వెనక్కి తిరిగాను. గోడ మీద నేను రాసిన ఎర్రక్షరాలకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, "ఎవరైనా ఏదైనా అనండి. మామూలుగా మాట్లాడినట్టు. ఏమన్నారో నేను చెబుతాను," అన్నాను.

ఎవరో ఏదో అన్నారు. ఆడ గొంతు అనుకుంటాను. దూరంగా నీళ్లు మరుగుతున్నట్టు వచ్చింది. మొదలు లేదు, చివర లేదు. మధ్యలో ఒక "ఆ" ఉంది. నా బుర్రలో మూడు మాటలు అప్పటికే తయారు, మూడింటికీ తోకలు కూడా తయారు. ఏది వేసినా గది పడిపడి నవ్వుతుంది. వాటిని మింగడానికి ఎంత కష్టపడ్డానో చెప్పలేను. ఎండిన గొంతులో మాత్ర మింగినట్టు ఒక్కొక్కటీ లోపలికి తోశాను.

"వినపడలేదు," అన్నాను గోడతో. "ఇంకోసారి అనండి."

మళ్లీ నీళ్లు మరిగాయి.

"వినపడలేదు."

ఇటు తిరిగేసరికి ఎవరూ నవ్వడం లేదు. బావమరిది కౌంటరు మీద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మా ఆవిడ కషాయం గ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది. మడత బట్టల ముందు తను నవ్విన ఆ పొద్దున ఆవిడకి గుర్తొచ్చిందని కళ్లలోనే తెలుస్తోంది.

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. మెయిన్ స్విచ్చి ఎందుకు పీకానో చెప్పాను. సబ్బు నురగతో ఎందుకు పరుగెత్తానో చెప్పాను. మీరంతా చమత్కారం అనుకున్నవన్నీ నేను తప్పుగా విన్న మాటలేననీ, నవ్వు వచ్చేసరికి దాని వెనక దాక్కున్నాననీ చెప్పాను. బేరింగులో సన్నటి చప్పుడు నాకు ఎప్పటి నుంచి వినపడటం మానేసిందో నాకే తెలియదనీ, అమ్మాయికి వినపడుతోందనీ, వేసవంతా వినపడుతూనే ఉందనీ చెప్పాను. "దానికి చెవి లేదని నేనే అన్నాను. లేనిది నాకు."

"అంటే..." లాండ్రీ ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఆ రోజు నన్ను డాక్టరుకి చూపించుకోమన్నది..."

"నాకు జబ్బు అని వినపడింది చెల్లెమ్మా."

"నేను ఇంటింటికీ చెప్పానే, మేస్త్రి ఎంత సరదా మనిషని!"

"ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాడు బావమరిది. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గు వల్ల కాదనుకుంటాను. "మమ్మల్ని నవ్వనిచ్చావు!"

మా ఆవిడ గ్లాసు కౌంటరు మీద పెట్టి నా పక్కకి వచ్చి నిలబడింది. కుడి పక్కకి. తర్వాత ఏదో ఆలోచించుకుని, చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

అమ్మాయి ఈ గొడవ మధ్యలో ఎప్పుడో నేల మీద కూర్చుంది. మాడిన మోటారు మూత విప్పడం మొదలుపెట్టింది. ఒక బోల్టు పట్టేసి రావడం లేదు. పళ్లు బిగించి లాగుతోంది. దానితో ఏదో అనాలని నేను వంగాను. క్షమించమనా? ఉద్యోగం వద్దనా? అది తలెత్తకుండానే చెయ్యి చాపింది. పెద్ద పానా అందించాను. బోల్టు కదిలింది.

లాండ్రీ ఆవిడ కాసేపు మోటారునీ, కాసేపు నన్నూ చూసింది. ఆవిడకి దుప్పట్లున్నాయి, ఆసుపత్రి ఉంది. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ నా వైపు తిరిగి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, మా అమ్మాయి పక్కన నేల మీద చతికిలబడింది.

"ఎప్పటికి అవుతుందమ్మా?" అని దాన్ని అడిగింది.

అమ్మాయి వేళ్లతో వెనక బేరింగు తిప్పి చూసి, ఏదో చెప్పింది. లాండ్రీ ఆవిడ తలూపింది. నాకు వినపడలేదు. ఆ జవాబు నాకు కాదు గనక, మళ్లీ చెప్పమని అడగలేదు.